కర్త లేని వాక్యం: హిరోషిమా స్మారకస్థలి – ఒక విమర్శనాత్మక పఠనం

వ్యాససంగ్రహం:

యుద్ధవిషాదం జరిగిన చోటును చారిత్రకస్మారకంగా నిలపడంలో కట్టడ పరిరక్షణతో పాటు ఆ సంఘటనను ఏ తీరులో చెప్పాలన్న నిర్ణయం కూడా ఇమిడి ఉంటుంది. హిరోషిమా శాంతిస్మారక ఉద్యానంలోని గెంబకు డోము శిథిలాన్ని, దానికి ఎదురుగా 1952లో ఆవిష్కరించిన మృతుల స్మారకంపై చెక్కిన వాక్యాన్ని ఒకే పాఠంగా భావించి ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ జపనీస్ వాక్యంలో కర్త లేదు. దాన్ని తెలుగులోకి తెచ్చే ప్రయత్నంలో ఎదురయ్యే వ్యాకరణసమస్యల ఆధారంగా, కర్తను చెప్పకపోవడం వల్ల ఆ స్థలికి ఒనగూడిన నైతికబలాన్నీ, దానివల్ల మరుగున పడిన బాధ్యతలనూ చర్చిస్తుంది. ఫ్రాన్సులోని ఓరదూర్-సుర్-గ్లాన్ గ్రామశిథిలాలతో పోల్చి, కర్తను పేర్కొన్న స్మారకాల పరిమితులను కూడా గుర్తిస్తుంది.

కీలకపదాలు: హిరోషిమా, గెంబకు డోము, స్మారకస్థలి, కర్తృలోపం, అనువాదం, మనం–మేము, ఓరదూర్.

1. ఉపోద్ఘాతం:

యుద్ధం ముగిశాక శిథిలాలను తొలగించి కొత్త నిర్మాణాలు చేపట్టడం సహజం. కొన్ని శిథిలాలను మాత్రం తొలగించకుండా, కూలిపోకుండా, మరమ్మతు చేసినట్టు కనిపించకుండా కాపాడతారు. అలా కాపాడిన శిథిలం ఒక కథనంగా మారుతుంది. ఏ గోడను నిలపాలి, దాని పక్కన ఏ మాటలు చెక్కాలి, సందర్శకుణ్ణి ఏ దారిన నడిపించాలి అన్న నిర్ణయాలన్నీ కథననిర్ణయాలే. కనుక అటువంటి స్థలాలు చరిత్రకారుల, వాస్తుశాస్త్రజ్ఞుల అధ్యయనానికే పరిమితం కావు. సాహిత్యవిమర్శ పరికరాలతోనూ వాటిని పరిశీలించవచ్చు.

2025 మార్చి చివరినాటికి జపాన్‌లో అధికారికగుర్తింపు ఉన్న అణుబాంబు బాధితుల సంఖ్య లక్షలోపుకు తగ్గింది. బాధితుల జాతీయసంఘం నిహోన్ హిదాన్క్యోకు 2024లో నోబెల్ శాంతిబహుమతి లభించేనాటికే ఆ తరం వార్ధక్యపు చివరిదశకు చేరుకుంది. చూసినవారు చెప్పగలిగిన కాలం ముగుస్తోంది. ఇకపై ఆ సంఘటన గురించి సందర్శకుడికి చెప్పేవి ప్రధానంగా ఆ కట్టడం, ఆ వాక్యం, ప్రదర్శనశాలలోని వస్తువులే. అవి ఏం చెబుతున్నాయో, ఏం చెప్పకుండా వదిలేస్తున్నాయో పరిశీలించవలసిన అవసరం ఈ దశలో పెరిగింది.

2. శిథిలం నిలిచిన తీరు:

గెంబకు డోముగా నేడు ప్రసిద్ధమైన కట్టడం 1915లో హిరోషిమా ప్రిఫెక్చర్ వాణిజ్యప్రదర్శనశాలగా ప్రారంభమైంది. చెక్ వాస్తుశిల్పి యాన్ లెట్జెల్ దాన్ని రూపొందించాడు. 1933లో దాని పేరు పారిశ్రామిక ప్రోత్సాహకశాలగా మారింది. యుద్ధం తీవ్రమైన 1944లో ప్రదర్శనలు ఆగిపోయాయి. ప్రభుత్వకార్యాలయాలు, సరకుల నియంత్రణసంస్థలు అందులోకి వచ్చాయి. అంటే బాంబు పడేనాటికి అది కళాప్రదర్శనలకు నెలవైన భవనం కాదు, యుద్ధకాల పరిపాలన నడిచిన చోటు.

1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు, ఈ భవనానికి ఆగ్నేయంగా సుమారు 160 మీటర్ల దూరంలో, భూమికి దాదాపు 600 మీటర్ల ఎత్తున బాంబు పేలింది. లోపల ఉన్నవారందరూ మరణించారు. పేలుడు ఒత్తిడి ఇంచుమించు నిట్టనిలువుగా పైనుంచి రావడం వల్ల కొన్ని గోడలు పడిపోకుండా నిలిచాయి. గుమ్మటం మీది రాగిరేకులు కరిగిపోయి ఉక్కుచట్రం మిగిలింది. ఆ ఏడాది చివరినాటికి నగరంలో సుమారు 1,40,000 మంది మరణించి ఉంటారని నగరపాలకసంస్థ అంచనా.

ఆ శిథిలాన్ని నిలపాలన్న అభిప్రాయం మొదట్నుంచీ ఏకగ్రీవంగా లేదు. చూసినప్పుడల్లా పాతగాయం రేగుతుందని, కూలిపోయే ప్రమాదముందని, తొలగించాలని కోరినవారు బాధితుల్లోనే ఉన్నారు. నిర్వహణవ్యయం వల్ల నగరపాలకసంస్థ వెనుకాడింది. శైశవంలో అణుధార్మికతకు గురై, 1960లో 16 ఏళ్ల వయసులో లుకేమియాతో మరణించిన ఒక విద్యార్థిని దినచర్యరాతలు చర్చను మలుపు తిప్పాయి. ఆ భయానకఘటన గురించి ముందుతరాలకు ఆ కట్టడం మాత్రమే చెప్పగలదన్న ఆమె భావాన్ని అందిపుచ్చుకొని, పిల్లల బృందం ఒకటి సంతకాలసేకరణ మొదలుపెట్టింది. 1966 జులైలో నగరసభ పరిరక్షణతీర్మానం చేసింది. ప్రజల విరాళాలు లక్ష్యాన్ని మించి వచ్చాయి. 1967లో పగుళ్లలోకి ఎపాక్సీ రెజిన్ ఎక్కించి, ఉక్కు ఆధారాలు అమర్చి మొదటి పరిరక్షణపని పూర్తిచేశారు. అప్పటినుంచి కొన్నేళ్లకొకసారి ఆ పని జరుగుతూనే ఉంది.

ఈ పరిరక్షణలో ఒక వైరుధ్యం ఉంది. నాశనమైన స్థితినే నాశనం కాకుండా కాపాడాలి. కట్టడాన్ని బాగుచేస్తే అది సాక్ష్యం కాకుండా పోతుంది. బాగుచేయకుంటే సాక్ష్యమే కూలిపోతుంది. అందువల్ల మరమ్మతు చేసే చెయ్యి తనను తాను కనిపించనివ్వకూడదు. గోడలను నిలబెట్టినవారి శ్రమ సందర్శకుడికి కనిపించదు. గోడలను పగలగొట్టినవారి ప్రస్తావన కూడా ఆ స్థలి ప్రధానవాక్యంలో వినిపించదు. చూసేవాడికి దొరికేది ఫలితం ఒక్కటే. ఈ లక్షణమే కొద్దిదూరంలోని రాతివాక్యంలో వ్యాకరణరూపం ధరించింది.

3. శిలపై వాక్యం: కర్త స్థానం, కర్త లేమి:

వాస్తుశిల్పి కెంజో తాంగే ఉద్యానాన్ని ఒక సరళరేఖపై రూపొందించాడు. ప్రదర్శనశాల, కమాను ఆకారంలోని మృతుల స్మారకం, డోము శిథిలం ఒకే గీతపై ఉంటాయి. కమాను ముందు తలవంచి నిలిచినవారికి రాతిపై వాక్యం, దాని వెనుక కమాను చట్రంలో శిథిలం ఒకే చూపులో కనిపిస్తాయి. అందుకే వాక్యాన్నీ శిథిలాన్నీ విడివిడిగా పరిశీలించడం ఆ రూపకల్పనకు న్యాయం చేయదు.

స్మారకాన్ని 1952 ఆగస్టు 6న ఆవిష్కరించారు. వాక్యాన్ని రచించినది హిరోషిమా విశ్వవిద్యాలయంలో ఆంగ్లసాహిత్యం బోధించిన ఆచార్యుడు తదయోషి సాయికా. ఆయన స్వయంగా అణుబాంబు బాధితుడు. వాక్యంలో రెండు భాగాలున్నాయి. మొదటి భాగం మృతులను ప్రశాంతంగా నిద్రించమని వేడుకుంటుంది. రెండవ భాగం అందుకు కారణం చెబుతుంది: తప్పు మళ్ళీ జరగదన్న హామీ. కారణాన్ని ముందు చెప్పి కార్యాన్ని తర్వాత చెప్పడం జపనీస్‌లోనూ తెలుగులోనూ సామాన్యక్రమం. ఇక్కడ ఆ క్రమం తలకిందులైంది. వాక్యం ‘కనుక’ అన్న అర్థం గల పదంతో ముగుస్తుంది. చదివేవారి మనసులో చివరికి మిగిలేది హామీయే.

ఆ హామీలో వాడిన క్రియ ‘కురికయేషిమసెను’. ‘మళ్ళీ చేయు’ అనే అర్థం గల సకర్మకక్రియకు ఇది గౌరవపూర్వకమైన వ్యతిరేకరూపం. జపనీస్ క్రియకు పురుషబోధకప్రత్యయం ఉండదు. నేను, నువ్వు, వారు – ఎవరు కర్త అయినా క్రియారూపం ఒకటే. కర్తను సందర్భం నుంచి గ్రహించాలి. ఇక్కడ సందర్భం దాన్ని తేల్చిచెప్పదు. ‘అయమచి’ అన్న నామం కూడా విస్తృతమైనదే. తెలుగులో పొరపాటు, తప్పు, అపరాధం అన్న పదాల మధ్య ఉన్న తేడాలన్నింటినీ అది తనలో ఇముడ్చుకోగలదు.

ఇక్కడ క్రియ సకర్మకం కావడం కీలకం. ‘జరుగు’ వంటి అకర్మకక్రియ వాడి ఉంటే చేసేవారి ప్రశ్నే తలెత్తేది కాదు. సకర్మకక్రియ చేసేవారి కోసం ఒక స్థానాన్ని తప్పనిసరిగా ఏర్పరుస్తుంది. వాక్యం ఆ స్థానాన్ని ఏర్పరచి ఖాళీగా వదిలింది. కర్త అవసరమే లేని వాక్యానికీ, కర్త ఉండవలసిన చోట లేని వాక్యానికీ తేడా ఉంది. హిరోషిమా వాక్యం రెండవ రకానికి చెందినది. చదివే ప్రతి ఒక్కరూ ఆ ఖాళీలో ఎవరిని నిలపాలో ఆలోచించక తప్పదు. ఏడు దశాబ్దాలుగా ఆ వాక్యం చుట్టూ సాగుతున్న వివాదానికి ఈ ఖాళీయే మూలం.

4. తెలుగు క్రియ ముందు నిలిచిన ప్రశ్న:

ఈ వాక్యాన్ని తెలుగు చేయాలనుకున్నవారికి తొలి అవరోధం క్రియాంతంలోనే ఎదురవుతుంది. తెలుగులోనూ కర్తృపదాన్ని తరచుగా వదిలేస్తాం. అయితే తెలుగు సమాపకక్రియ పురుషను, వచనాన్ని తన చివర మోస్తుంది. కర్తృపదం తొలగినా కర్త జాడ మిగులుతుంది. దీన్ని అధిగమించడానికి అనువాదకుడి ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, ‘తప్పు మళ్ళీ చేయం’. ఇది ఉత్తమపురుష బహువచనం. ‘మళ్ళీ’ అన్న పదంతో కలిసినప్పుడు ఇది మాట ఇవ్వడమే కాక, ఒకసారి చేశామని అంగీకరించడం కూడా అవుతుంది. రెండవది, ‘తప్పు మళ్ళీ జరగదు’. ఇక్కడ తప్పే కర్త. మాట ఇవ్వడం పోయి జోస్యం చెప్పడం మిగులుతుంది. పిడుగు మళ్ళీ పడదన్నట్టు ఉంటుంది. మూడవది, ‘తప్పు మళ్ళీ జరగనివ్వం’. పలికేవారు తప్పు చేసినవారి స్థానం నుంచి తప్పుకొని కాపలాదారుల స్థానానికి చేరతారు. నాలుగవది, ‘తప్పు మళ్ళీ చేయరాదు’. పురుషభేదం లేని క్రియారూపం కనుక జపనీస్ మూలానికి దగ్గరగా తోస్తుంది. కానీ ఇది నిషేధం. మృతులకు నిషేధం వినిపించి నిద్రించమని అడగడం పొసగదు.

నాలుగింటిలో ఏదీ తటస్థం కాదు. ఒకటి అంగీకారం, ఒకటి జోస్యం, ఒకటి రక్షణబాధ్యత, ఒకటి నిషేధం. జపనీస్ వాక్యం తేల్చకుండా ఉంచినదాన్ని తెలుగు అనువాదకుడు తేల్చవలసి వస్తుంది. ఆ నిర్ణయం విమర్శకార్యమే.

మొదటి రూపంలో మరొక విశేషం దాగి ఉంది. ఉత్తమపురుష బహువచనంలో తెలుగుకు రెండు సర్వనామాలున్నాయి. వినేవారిని కలుపుకుంటే ‘మనం’, వేరుచేస్తే ‘మేము’. ద్రావిడభాషల్లో ప్రసిద్ధమైన ఈ భేదం జపనీస్‌లోనూ ఆంగ్లంలోనూ లేదు. అయితే ఈ భేదం తెలుగు సర్వనామంలోనే ఉంది, క్రియాంతంలో లేదు. ‘మేము చేయం’, ‘మనం చేయం’ – రెండింటికీ క్రియ ఒకటే. కనుక సర్వనామం లేకుండా ‘చేయం’ అన్నప్పుడు, చేసేది ఉత్తమపురుష అన్నంతవరకు తేలుతుంది. ఆ పరిధిలోకి ఎవరు వస్తారో తేలదు. హిరోషిమా పౌరులు ‘మేము’ అంటున్నారా? జపనీయులు అంటున్నారా? సందర్శకుణ్ణి కలుపుకొని మానవులందరూ ‘మనం’ అంటున్నారా? సాయికా స్వయంగా చేసిన ఆంగ్లానువాదంలో ఉత్తమపురుష బహువచన సర్వనామం చేరింది. ‘అయమచి’ అన్న విస్తృతపదం స్థానంలో దుష్కృత్యమనే అర్థం గల గట్టిపదం వచ్చింది. 1983లో నగరపాలకసంస్థ ఏర్పాటుచేసిన వివరణఫలకం ఈ వాక్యాన్ని మానవులందరి ప్రతిజ్ఞగా వ్యాఖ్యానించింది. అంటే అధికారికవ్యాఖ్యానం ‘మనం’ వైపు మొగ్గింది. వాక్యాన్ని వ్యతిరేకించినవారికి మాత్రం అందులో ‘మేము’ వినిపించింది.

ఈ చర్చ శిలావాక్యం వద్దే ఆగదు. ‘హిరోషిమాపై బాంబు పడింది’ అన్న వాక్యం తెలుగు వ్యవహారంలో అతి సామాన్యం. ఈ వ్యాసం రెండవ భాగంలో ‘బాంబు పడేనాటికి’ అన్న ప్రయోగం ఎలాంటి ఎరుకా అవసరం లేకుండానే ఒదిగిపోయింది. తెలుగులో వాన పడుతుంది, మంచు పడుతుంది, పిడుగు పడుతుంది. బాంబు కూడా పడినప్పుడు అది ప్రకృతి చర్యల వరుసలో చేరుతుంది. ‘బాంబు వేశారు’ అంటే మనుషులు వస్తారు, పేరు రాదు. ‘అమెరికా బాంబు వేసింది’ అన్నప్పుడే కర్త పూర్తిగా వాక్యంలోకి వస్తుంది. కాలు–కాల్చు, కూలు–కూల్చు, మాడు–మాడ్చు వంటి జంటలు తెలుగులో విస్తారంగా ఉన్నాయి. ‘నగరం కాలిపోయింది’, ‘నగరాన్ని కాల్చివేశారు’ అన్న రెండు వాక్యాలు ఒకే ఘటనను చెప్పినా ఒకే చరిత్రను చెప్పవు. యుద్ధాన్ని బోధించే పాఠంలో, అనువాదంలో, పత్రికావార్తలో క్రియను ఎంచుకోవడం బాధ్యతను కేటాయించడమే.

అధికారప్రసంగాలు ఈ అవకాశాన్ని బాగా వినియోగించుకున్నాయి. 2016 మే 27న హిరోషిమా సందర్శించిన అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా తన ప్రసంగారంభంలో ఆకాశం నుంచి మృత్యువు రాలినట్టు చెప్పారు. అధికారంలో ఉండగా హిరోషిమాకు వచ్చిన తొలి అమెరికా అధ్యక్షుడాయన. ఆ రాక చరిత్రాత్మకమే. అయినా బాంబును టినియన్ ద్వీపం నుంచి ఎనోలా గే విమానం మోసుకొచ్చిందన్న వాస్తవం ఆ వాక్యనిర్మాణంలో ఇమడలేదు. కర్త లేని శిలావాక్యం ముందు కర్త లేని మరో వాక్యం పలికింది.

5. రాధా బినోద్ పాల్ అభ్యంతరం:

శిలావాక్యంలోని ఖాళీని మొట్టమొదట బహిరంగంగా ప్రశ్నించినవారిలో ఒక భారతీయుడు ఉన్నాడు. టోక్యోలోని అంతర్జాతీయ సైనికన్యాయస్థానంలో సభ్యుడిగా ఉండి, నిందితులందరూ నిర్దోషులని భిన్నతీర్పు రాసిన న్యాయమూర్తి రాధా బినోద్ పాల్ 1952 నవంబరులో హిరోషిమాకు వచ్చాడు. వాక్యం అర్థం తెలుసుకొని అభ్యంతరం తెలిపాడు. తప్పు అంటే బాంబు వేయడమే అయితే, వేసినవారు జపనీయులు కారు కదా అన్నది ఆయన వాదన. తప్పు అంటే యుద్ధమే అయితే, దాని బీజాలు ఆసియాలో పాశ్చాత్యవలసవాదం నాటినవని ఆయన అభిప్రాయం. సాయికా దానికి నిరసనగా లేఖ రాశాడు. ఎవరు వేశారన్న గణనకు అతీతంగా, ప్రపంచపౌరుల స్థానం నుంచి పలికిన మాట అది అన్నది ఆయన సమాధానం.

పాల్ ప్రశ్న వ్యాకరణపరంగా న్యాయమైనది. సకర్మకక్రియ ఉన్నప్పుడు కర్త ఎవరని అడిగే హక్కు పాఠకుడికి ఉంది. వలసపాలన అనుభవించిన దేశం నుంచి వచ్చినవాడు, విజేతల పేరు చెప్పని వాక్యాన్ని అనుమానించడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ ప్రశ్న తర్వాతికాలంలో ఎవరి చేతికి చిక్కిందో కూడా చూడాలి. జపాన్ యుద్ధబాధ్యతను తిరస్కరించేవారు పాల్‌ను తమ సాక్షిగా చేసుకున్నారు. 2005లో యసుకుని ఆలయప్రాంగణంలో ఆయనకు స్మారకఫలకం వెలిసింది. అదే ఏడాది జులైలో ఒక యువకుడు హిరోషిమా స్మారకవాక్యాన్ని ఉలితో చెక్కివేయబోయాడు. అతడు దెబ్బతీసినది ‘అయమచి’ అన్న పదాన్నే. తప్పు జపాన్‌ది కాదన్నది అతడి ఆక్షేపణ.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. బాంబు వేసిన కర్తను పేర్కొనమని కోరడం, యుద్ధం చేసిన కర్తను చెరిపివేయడానికి సాధనం కాగలదు. సాయికా వాక్యం అమెరికా పేరు చెప్పలేదు. అదే సమయంలో జపాన్‌ను నిర్దోషిగా ప్రకటించే అవకాశాన్నీ ఇవ్వలేదు. ఆ వాక్యాన్ని మార్చాలని 1970లో ఉద్యమం సాగినప్పుడు నగరపాలకులు నిరాకరించారు. ఉలిదెబ్బ తర్వాత కూడా వాక్యం మారలేదు. ఈ నిరాకరణలో సాహిత్యదృష్టితో గుర్తించదగిన వివేకం ఉంది. ఖాళీని తప్పుడు పేరుతో నింపడం కన్నా ఖాళీగా ఉంచడమే మేలన్న వివేకం అది.

6. రేఖ వెలుపల మిగిలినవారు:

అయితే కర్తృలోపాన్ని ఇంతటితో సమర్థించి వదిలేయడం కుదరదు. ఖాళీని అందరిదిగా వ్యాఖ్యానించినప్పుడు, ఆ ‘అందరి’లో నిజానికి ఎవరికి చోటు దక్కిందో చూడాలి.

బాంబుదాడి నాటికి హిరోషిమాలో కొరియన్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. కొరియా అప్పుడు జపాన్ వలస. బతుకుతెరువుకు వచ్చినవారు, బలవంతపు శ్రమకు తరలించినవారు వారిలో ఉన్నారు. వారి స్మృతికి 1970లో కట్టిన చిహ్నంపై మృతుల సంఖ్యను 20,000గా చెక్కారు. ఆ చిహ్నం మొదట ఉద్యానానికి వెలుపల, హోన్‌కవా నది అవతలి ఒడ్డున ఉండేది. ఉద్యానంలోకి రావడానికి దానికి 1999 వరకు పట్టింది. వాక్యం మానవులందరిదని ఫలకం ప్రకటించిన 1983లో, ఆ మానవుల్లో ఒక సమూహం స్మారకం హద్దు అవతలే ఉంది. ‘మనం’ అన్న వ్యాఖ్యానానికీ స్థలవిన్యాసానికీ మధ్య పదహారేళ్లపాటు పొంతన లేదు.

రెండవ లోపం నగరపు గతానికి సంబంధించినది. 1894లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జపాన్ చక్రవర్తి సైనికప్రధానస్థావరం హిరోషిమాకు తరలింది. ఉజినా రేవు నుంచి సైన్యాలు ఆసియా ఖండానికి బయలుదేరేవి. 1945లో రెండవ జనరల్ ఆర్మీ కేంద్రం ఇక్కడే ఉంది. ఈ సైనికచరిత్రను శాంతిస్మారక ప్రదర్శనశాల విస్తృతంగా చెప్పడం 1994లో తెరిచిన తూర్పుభవనంతో మొదలైంది. ప్రదర్శనశాల ప్రారంభమైనది 1955లో. ఉద్యానరూపకర్త తాంగే 1942లో బృహత్ తూర్పు ఆసియా సహసమృద్ధి మండల స్మారకం పోటీలో బహుమతి పొందినవాడే. రెండు రూపకల్పనల్లోని సరళరేఖావిన్యాసానికి పోలికలున్నాయని వాస్తువిమర్శకులు చూపారు. ఒక శిల్పి గతం ఆధారంగా ఉద్యానాన్ని తోసిపుచ్చనక్కరలేదు. కానీ యుద్ధకాలపు భాష శాంతికాలపు భాషలోకి మారేటప్పుడు కర్త మారకుండా పదాలు మాత్రమే మారే ప్రమాదాన్ని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

ఈ లోపాన్ని హిరోషిమా సాహిత్యం స్మారకం కన్నా ముందే గుర్తించింది. బాంబుదాడి నుంచి బతికి బయటపడిన కవయిత్రి కురిహారా సదాకో 1970ల తొలినాళ్లలో రాసిన ‘హిరోషిమా అని పలికినప్పుడు’ అనే అర్థం గల శీర్షికతో ఉన్న కవిత ఇందుకు నిదర్శనం. హిరోషిమా పేరు చెప్పినప్పుడు ఆసియా ప్రజల నుంచి సానుభూతికి బదులు నాన్జింగ్, మనీలా పేర్లు వినిపిస్తాయన్న ఎరుక ఆ కవితకు కేంద్రం. బాధితురాలిగా మాట్లాడే అర్హత పూర్తిగా ఉన్న కవయిత్రి, శిలావాక్యంలోని ఖాళీలో తన దేశాన్ని తానే నిలిపింది. ‘మనం’ కావడానికి ముందు ‘మేము’ అని ఒప్పుకోవాలన్నది ఆమె వాదనగా గ్రహించవచ్చు.

డోమును ప్రపంచ వారసత్వస్థలంగా గుర్తించిన 1996 డిసెంబరు సమావేశంలోనూ ఇదే సమస్య ఎదురైంది. మెక్సికోలోని మెరీదా నగరంలో జరిగిన ఆ సమావేశంలో అమెరికా నిర్ణయానికి దూరంగా నిలిచింది. బాంబుకు ముందు జరిగిన ఘటనలను చెప్పకుండా డోమును గుర్తించడంలో చారిత్రకదృష్టి లోపించిందని, యుద్ధస్థలాలు ఆ ఒడంబడిక పరిధిలోకి రావని వాదించింది. యుద్ధంలో అత్యధికంగా నష్టపోయినవి ఇతర ఆసియాదేశాలని, ఆ వాస్తవాన్ని నిరాకరించేవారు ఈ గుర్తింపును దుర్వినియోగం చేయవచ్చని చైనా అభ్యంతరం తెలిపింది. బాంబు వేసిన దేశం, జపాన్ దాడికి గురైన దేశం పూర్తిగా భిన్నమైన ప్రయోజనాలతో దాదాపు ఒకే ప్రశ్న వేశాయి: ఈ శిథిలానికి ముందున్న వాక్యాలేవి? ప్రశ్నించినవారి ప్రయోజనాన్ని అనుమానించవచ్చు. ప్రశ్న మాత్రం నిలుస్తుంది.

7. కర్తను చెప్పిన చోటు: ఓరదూర్-సుర్-గ్లాన్:

కర్తను చెప్పి ఉంటే సమస్య తీరేదా అన్న ప్రశ్నకు సమాధానం వెతకడానికి ఫ్రాన్సులోని ఓరదూర్-సుర్-గ్లాన్ తగిన ఉదాహరణ. 1944 జూన్ 10న జర్మన్ వాఫెన్ ఎస్.ఎస్. దళం ఆ గ్రామంలోని పురుషులను కొట్టాల్లో కాల్చిచంపింది. స్త్రీలను, పిల్లలను చర్చిలో బంధించి నిప్పంటించింది. మృతులు 643 మంది. గ్రామాన్ని కాలిపోయిన స్థితిలోనే ఉంచాలని ఫ్రెంచి ప్రభుత్వం నిర్ణయించింది. 1946లో చట్టపరమైన రక్షణ కల్పించింది. పక్కనే కొత్త గ్రామాన్ని కట్టింది.

శిథిలగ్రామం ప్రవేశద్వారం వద్ద సందర్శకుణ్ణి పలకరించే మాట ‘గుర్తుంచుకో’ అన్న అర్థమిచ్చే ఫ్రెంచి విధ్యర్థకం. ‘గుర్తుంచుకోండి’ అని కాకుండా మధ్యమపురుష ఏకవచనంలో, నువ్వు అన్న సంబోధనతో ఉంటుంది. హిరోషిమా వాక్యం సందర్శకుడి నోట పలికించే వాక్యం. ఓరదూర్ వాక్యం సందర్శకుడికి ఎదురుగా నిలిచి ఆదేశించే వాక్యం. లోపల కొట్టాల వద్ద ఉన్న ఫలకాలు నాజీల చేత ఈ హత్యలు జరిగాయని కర్తను స్పష్టంగా చెబుతాయి.

కానీ 1953లో బోర్దోలో జరిగిన విచారణలో ఆ కర్తృపదం చాలదని తేలింది. నిందితులుగా నిలిచిన 21 మందిలో 14 మంది ఫ్రాన్సులోని అల్జాస్ ప్రాంతం వారు. వారిలో ఒక్కరు తప్ప మిగిలిన 13 మంది జర్మన్ సైన్యంలోకి తమను బలవంతంగా చేర్చుకున్నారన్నారు. శిక్షలు పడిన కొద్దిరోజుల్లోనే జాతీయసమైక్యత పేరిట ఫ్రెంచి పార్లమెంటు ఆ 13 మందికి క్షమాభిక్ష ప్రసాదించింది. ఆగ్రహించిన గ్రామస్థులు ప్రభుత్వగౌరవాలను తిరస్కరించారు. క్షమాభిక్షకు ఓటువేసిన సభ్యుల పేర్లను శిథిలగ్రామ ప్రవేశం వద్దే ఫలకాలపై రాసి ఏళ్లతరబడి ఉంచారు. ‘నాజీలు’ అన్న ఒక్కపదం నిజమే. అయినా ఆ పదం వెనుక సొంతదేశస్థుల చేతులు, వాటిని మరిపించిన సొంతప్రభుత్వపు ఓట్లు దాగిపోతాయని ఆ ఫలకాలు చెప్పాయి.

ఈ పోలిక వల్ల రెండు నిర్ధారణలు సాధ్యమవుతాయి. కర్తను చెప్పకపోతే బాధ్యత ఎవరికీ చెందకుండా గాలిలో తేలుతుంది. కర్తను ఒక్కపదంతో చెబితే ఆ పదం వెలుపల ఉన్నవారి బాధ్యత మాసిపోతుంది. రెండు స్థలాల్లోనూ ఆ లోటును పూరించినది ప్రధానవాక్యం పక్కకు తర్వాత వచ్చి చేరిన ఇతరవాక్యాలే. ఓరదూర్‌లో పేర్ల ఫలకాలు, హిరోషిమాలో కొరియన్ల స్మారకం, తూర్పుభవన ప్రదర్శనలు, కురిహారా కవిత ఆ పనే చేశాయి.

8. ముగింపు:

విషాదస్థలి పరిరక్షణను సాధారణంగా కాలాన్ని ఆపడంగా భావిస్తారు. హిరోషిమా చరిత్ర అందుకు భిన్నమైన విషయాన్ని తెలుపుతోంది. శిథిలం 1945 నాటి స్థితిలో నిలిచే ఉంది. 1952 నాటి వాక్యం అక్షరం మారలేదు. వాటి చుట్టూ ఉన్న సందర్భం మాత్రం 1970లో, 1983లో, 1994లో, 1999లో మారుతూ వచ్చింది. 2022లో ఉద్యానం నేలకింద తవ్వి బయటపెట్టిన నకజిమా వాడ అవశేషాలను ప్రత్యేకభవనంలో ప్రదర్శనకు ఉంచారు. పచ్చికమైదానంగా కనిపించే చోటు ఒకనాడు ఇళ్లతో, దుకాణాలతో నిండిన వాడ అన్న నిజం సందర్శకుడికి అప్పుడు ప్రత్యక్షమైంది. మార్చకుండా కాపాడిన పాఠానికి, చేరుస్తూ పోవలసిన వ్యాఖ్యానం తోడైనప్పుడే స్మారకం బతుకుతుంది.

శిలావాక్యంలోని కర్తృలోపం దోషమా గుణమా అన్న ప్రశ్నకు అందువల్ల ఒక్కమాటలో జవాబు దొరకదు. ఆ ఖాళీ చదివేవారిని ప్రశ్నించినంతకాలం అది గుణం. ‘మానవులందరూ’ అన్న సులభమైన సమాధానంతో పూడ్చి ముందుకు సాగిపోయినప్పుడు అది దోషం. సాక్షులు జీవించి ఉన్నంతకాలం వారి ఉనికే ఆ ప్రశ్నను సజీవంగా ఉంచింది. వారి తర్వాత ఆ పని బోధకులకు, అనువాదకులకు, విమర్శకులకు సంక్రమిస్తుంది.

తెలుగు పాఠకలోకానికి ఇందులో నిర్దిష్టమైన బాధ్యత ఉంది. మూలభాష దాచగలిగినదాన్ని తెలుగు క్రియాంతం దాచలేదు. ‘చేయం’, ‘జరగదు’, ‘జరగనివ్వం’, ‘చేయరాదు’ – వీటిలో దేన్ని ఎంచుకున్నా అనువాదకుడు ఎందుకు ఎంచుకున్నాడో చెప్పవలసి ఉంటుంది. పై చర్చను బట్టి చూస్తే ‘తప్పు మళ్ళీ చేయం’ అన్న రూపమే మూలానికి నైతికంగా సన్నిహితమైనది. అది పలికేవారిని తప్పులో భాగస్వాములను చేస్తుంది. సర్వనామాన్ని వదిలేయడం వల్ల ‘మేము’, ‘మనం’ రెండింటికీ అవకాశమిస్తుంది. ముందుగా ‘మేము’ అని ఒప్పుకున్నవారికే ‘మనం’ అనే అర్హత కలుగుతుందన్న కురిహారా ఎరుకకు కూడా అందులో చోటుంది. తరగతిగదిలో ఈ వాక్యాన్ని బోధించేటప్పుడు అనువాదాన్ని మాత్రమే అందించక, నాలుగు రూపాలనూ పక్కపక్కన ఉంచి చర్చిస్తే విద్యార్థికి వ్యాకరణమూ చరిత్రా ఒకే పాఠంలో అందుతాయి. ‘బాంబు పడింది’ అని రాయబోయే చేయి ఒక్కక్షణం ఆగి, వేసినదెవరని అడగడానికి ఆ పాఠం తోడ్పడుతుంది.